సి ప్రోగ్రామింగ్: క్లాసులో అర్థమవుతుంది, రూములో రాదు

ఇంజినీరింగ్ మొదటి ఏడాది సి లాంగ్వేజ్ మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. కోడ్‌లోని మాటల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే అచ్చు వేస్తున్నాం. మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిషులోనే కొట్టండి.

ప్రశ్న: ఇంటర్‌లో ఎంపీసీ చదివాను. కంప్యూటర్ ముట్టుకున్నది ఇంజినీరింగ్‌లో చేరాకే. సార్ బోర్డు మీద ప్రోగ్రాం రాస్తుంటే ప్రతి లైనూ అర్థమవుతుంది. రూముకొచ్చి అదే ప్రోగ్రాం చూడకుండా రాద్దామంటే మెయిన్ దాటి చెయ్యి కదలదు. నాకు లాజిక్ లేదంటారా?
— సీఎస్ఈ విద్యార్థిని, భీమవరం

జవాబు: లాజిక్ సంగతి తర్వాత చూద్దాం. బోర్డు మీద ఉన్నది చూసి తలాడించడం ఒక పని, తెల్లకాగితం మీద రాయడం ఇంకో పని. ఆ రెంటికీ మధ్య ఒక మెట్టుంది. కంప్యూటర్ చేసే పని మీరే చేస్తూ, ఒక్కో లైనూ నడుపుతూ, ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉందో కాగితం మీద రాసుకుంటూ పోవాలి. దీన్ని ట్రేసింగ్ అంటారు, డ్రై రన్ అని కూడా అంటారు. చాలామంది దీన్ని ఎగ్గొట్టి నేరుగా రాయబోతారు, రాక బట్టీ పడతారు.

నంబర్‌ని తిరగేసే ప్రోగ్రాం తీసుకోండి. లూప్‌లో ఉండేవి రెండే లైన్లు. ఇచ్చిన నంబర్ ఎన్‌లో, తిరగేసింది రెవ్‌లో ఉంటాయి. రెవ్ మొదట 0. ఎన్ % 10 అంటే పదితో భాగిస్తే మిగిలే శేషం, అంటే చివరి అంకె. ఎన్ / 10 అంటే ఆ అంకె పోగా మిగిలింది.

వైల్ (ఎన్ != 0)
{
రెవ్ = రెవ్ * 10 + ఎన్ % 10;
ఎన్ = ఎన్ / 10;
}

472 ఇచ్చామనుకుందాం. రెండు గడులు గీసి, లూప్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక వరస రాయండి.

మొదట: ఎన్ 472, రెవ్ 0
ఒకటో చుట్టు: ఎన్ 47, రెవ్ 2
రెండో చుట్టు: ఎన్ 4, రెవ్ 27
మూడో చుట్టు: ఎన్ 0, రెవ్ 274

ఇంతటితో ఆపకండి. లోపలి రెండు లైన్లనూ అటూ ఇటూ మార్చి, ఏమొస్తుందో ముందే కాగితం మీద తేల్చి, ఆ తర్వాతే రన్ చేయండి. చివరి అంకె 2ని రెవ్‌లోకి తీసుకోకముందే ఎన్ 47 అయిపోతుంది కాబట్టి 2 పోతుంది. చివర్లో ఎన్ 0 అయ్యాక దాన్ని కూడా కలుపుకుంటుంది. అందుకే 740 వస్తుంది. ఇది రన్ చేయకుండానే చెప్పగలిగితే ఆ ప్రోగ్రాం మీ సొంతమైనట్టే. తర్వాత 1200 ఇచ్చి చూడండి, 21 వస్తుంది. -47 ఇస్తే -74 వస్తుంది, ఎందుకంటే సి లో -47 % 10 అంటే -7. కొందరు కండిషన్‌లో != బదులు > రాస్తారు. అప్పుడు -47కి లూప్ ఒక్కసారి కూడా తిరగదు, జవాబు 0.

రాసేటప్పుడు మాత్రం కోడ్‌తో మొదలుపెట్టొద్దు. ముందు ఆ లెక్కను ఒక చిన్న నంబర్‌తో చేత్తో చేయండి. చేస్తూ మూడు సంగతులు గమనించండి: మధ్యలో ఏమేం గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది, ఏ పని మళ్లీ మళ్లీ చేశారు, ఎప్పుడు ఆపారు. మొదటివి వేరియబుల్స్ అవుతాయి, రెండోది లూప్ లోపలి భాగం, మూడోది కండిషన్. ఈ మూడింటినీ తెలుగులోనే రాసుకోండి, తప్పేం లేదు.

ఇంకో మాట. సిలబస్‌లో ముప్పై ప్రోగ్రాములున్నాయని బెదరకండి. అంకెల మొత్తం, తిరగేయడం, పాలిండ్రోమ్ (తిరగేసినా అదే నంబర్), ఆర్మ్‌స్ట్రాంగ్ (మూడంకెల నంబర్లో అంకెల ఘనాలు కలిపితే అదే నంబర్) — ఇవన్నీ పైన రాసిన లూప్‌కి మార్పులే. ప్రైమ్, పర్‌ఫెక్ట్ నంబర్, ఫ్యాక్టర్లు ఇంకో గుంపు. ఐ ని ఒక్కొక్కటే పెంచుతూ ఎన్ % ఐ సున్నా అవుతుందా అని అడగడమే వాటి పని. ఒక్కో గుంపులో ఒకటి క్షుణ్ణంగా వస్తే మిగతావి గంటలో పని.

ప్రశ్న: పాలిండ్రోమ్ ప్రోగ్రాంలో 121 ఇచ్చినా, 1331 ఇచ్చినా "నాట్ పాలిండ్రోమ్" అనే వస్తోంది. లూప్ సరిగ్గానే ఉంది, రెవ్ ప్రింట్ చేస్తే 121 వస్తోంది. చివర్లో ఇఫ్ (ఎన్ == రెవ్) రాశాను.
— ఈఈఈ, నల్గొండ

జవాబు: లూప్ పూర్తయ్యేసరికి ఎన్‌లో ఏముందో పై పట్టికలో చూడండి: 0. మీరు 0ని 121తో పోలుస్తున్నారు. లూప్‌కి ముందే టెంప్ = ఎన్ అని అసలు నంబర్‌ని పక్కన దాచి, చివర్లో టెంప్ == రెవ్ అని పోల్చండి. మీ ప్రోగ్రాం సరైన జవాబిచ్చే పాలిండ్రోమ్ ఒక్కటే ఉంది, 0.

ప్రశ్న: మెనూ కాలిక్యులేటర్‌లో రెండు నంబర్లు తీసుకున్నాక ప్లస్సా, మైనస్సా అని అడగాలి. అడుగుతోంది కానీ నేను టైప్ చేసేదాకా ఆగకుండా "ఇన్‌వాలిడ్" అని ప్రింట్ చేసి ముగిసిపోతోంది. మా సీనియర్ ఎఫ్‌ఫ్లష్ పెట్టమన్నాడు. ల్యాబ్‌లో పనిచేసింది, ఫ్రెండ్ లినక్స్ ల్యాప్‌టాప్‌లో పనిచేయలేదు.
— ఈసీఈ, అనంతపురం

జవాబు: మీరు 12 కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు ప్రోగ్రాంకి అందేది మూడు అక్షరాలు: 1, 2, ఎంటర్. స్కాన్ఎఫ్‌లో నంబర్ చదివే %డి అంకెలు మాత్రమే తీసుకుని ఎంటర్‌ని బఫర్‌లోనే, అంటే టైప్ చేసింది నిలవుండే చోటే, వదిలేస్తుంది. తర్వాత ఇంకో %డి వస్తే ఇబ్బంది లేదు, అది ముందున్న ఖాళీల్ని, ఎంటర్లని దాటేసి అంకె కోసం వెతుకుతుంది. ఒక అక్షరం చదివే %సి కి ఆ పట్టింపు లేదు. ఏ అక్షరం ముందుంటే అదే తీసుకుంటుంది. ఆ ఎంటరే మీ ఆపరేటర్ అయిపోయింది. అనుమానముంటే ఆ వేరియబుల్‌ని %డి తో ప్రింట్ చేసి చూడండి, 10 అని వస్తుంది. అది ఎంటర్ కోడు.

మందు చాలా చిన్నది. కోట్స్ లోపల %సి కి ముందు ఒక ఖాళీ వదలండి: " %సి". ఆ ఖాళీకి అర్థం, ముందున్న స్పేసులూ ఎంటర్లూ అన్నీ దాటెయ్ అని.

బఫర్ ఖాళీ అవుతుందని ఇన్‌పుట్ మీద ఎఫ్‌ఫ్లష్ వాడితే ఏం జరగాలో సి స్టాండర్డ్ చెప్పలేదు. విండోస్‌లో కొన్ని కంపైలర్లు మన్నిస్తాయి, లినక్స్‌లో పని జరగదు. అది అలవాటు చేసుకోవద్దు. అలాగే పేరు చదవడానికి గెట్స్ కూడా వద్దు. ఎన్ని అక్షరాలొచ్చినా అరే హద్దు చూడకుండా నింపుకుంటూ పోతుంది కాబట్టి 2011 స్టాండర్డ్‌లో దాన్ని తీసేశారు. ఎఫ్‌గెట్స్ వాడండి, కాకపోతే అది చివరి ఎంటర్‌ని కూడా స్ట్రింగ్‌లో ఉంచుతుందని గుర్తుంచుకోండి.

పనిలో పనిగా మీ మెనూలో నంబర్ అడిగిన చోట ఏదైనా అక్షరం కొట్టి చూడండి. మెనూ లూప్‌లో ఉంటే తెర నిండా ఆగకుండా పరుగెడుతుంది. %డి కి ఆ అక్షరం అక్కర్లేదు, అలాగే వదిలేస్తుంది, మళ్లీ చుట్టులో అదే ఎదురవుతుంది. స్కాన్ఎఫ్ తాను ఎన్ని విలువలు చదవగలిగిందో తిరిగి చెబుతుంది. అది 1 కాకపోతే బ్రేక్ అని రాస్తే చాలు.

ప్రశ్న: ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రోగ్రాం. 370, 371 సరిగ్గా చెబుతోంది. 153కి మాత్రం కాదంటోంది! నాది విండోస్‌లో కోడ్‌బ్లాక్స్. అదే ఫైలు ఆన్‌లైన్ కంపైలర్‌లో పెడితే అవునంటోంది. పవ్ ఫంక్షన్ వాడాను.
— ఐటీ, వరంగల్

జవాబు: 153లో ఉండి, 370, 371లో లేని అంకె 5. అక్కడే ఉంది చిక్కు. ఘాతాలు లెక్కకట్టే పవ్ పూర్ణసంఖ్యలతో పనిచేయదు, డబుల్ (దశాంశ) విలువలు తీసుకుని డబుల్‌నే తిరిగిస్తుంది. కొన్ని విండోస్ కంపైలర్లలో 5 ఘాతం 3కి అది 125 ఇవ్వకుండా 124.999... ఇస్తుంది. దాన్ని పూర్ణసంఖ్యలే పట్టే ఇంట్‌లో వేయగానే దశాంశ భాగం మొత్తం తెగిపోతుంది. సి లో ఇంట్‌కి మారేటప్పుడు సవరించడం ఉండదు, నరకడమే. 1 + 124 + 27 అంటే 152, అందుకే కాదంది.

డి * డి * డి అని రాయండి. అంకెల సంఖ్య మారేట్టయితే చిన్న ఫర్ లూప్‌తో అన్నిసార్లు గుణించండి. పూర్ణసంఖ్యల ఘాతాలకి పవ్ జోలికి వెళ్లకపోవడమే మేలు. లినక్స్‌లో పవ్ వాడాల్సివస్తే కంపైల్ కమాండ్ చివర -ఎల్ఎం చేర్చాలి, లేకపోతే "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని ఆగిపోవచ్చు.

ఇదే నరుకుడు ఇంకోచోట కూడా చాలామందికి తగులుతుంది. ఫారన్‌హీట్‌ని సెల్సియస్‌కి మార్చే ప్రోగ్రాంలో 5 / 9 * (ఎఫ్ - 32) అని రాస్తే ఏ ఉష్ణోగ్రతకైనా 0 వస్తుంది. 5, 9 రెండూ ఇంట్‌లు కాబట్టి 5 / 9 అంటే 0. 5.0 / 9 అని రాయండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఇప్పటికీ పాత టర్బో సి కంపైలరే. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాంలో 7 దాకా బాగానే ఉంది. 8కి -25216 వస్తోంది. ఇంట్లో జీసీసీ కంపైలర్‌లో 8కి సరిగ్గా వస్తుంది కానీ 13కి తప్పు. ఏది నమ్మాలి?
— సీఎస్ఈ, ఖమ్మం

జవాబు: రెండూ ఒకే రకం తప్పు చేస్తున్నాయి, ఒకటి ముందు, ఒకటి కాస్త ఆలస్యంగా. బోర్లాండ్ కంపెనీ టర్బో సి తెచ్చింది 1987లో, డాస్ కాలంలో. అందులో ఇంట్‌కి 2 బైట్లే, అంటే -32768 నుంచి 32767 దాకా. 8 ఫ్యాక్టోరియల్ 40320, ఆ హద్దు దాటింది. 40320లోంచి 65536 తీసేస్తే మీకొచ్చిన -25216. ఇప్పటి జీసీసీలో ఇంట్‌కి 4 బైట్లు, 2147483647 దాకా. 12 ఫ్యాక్టోరియల్ 479001600, ఇముడుతుంది. 13 ఫ్యాక్టోరియల్ 6227020800, ఇమడదు. మీకు 1932053504 వచ్చుండాలి. ఇది ప్లస్సే కాబట్టి చూడగానే తప్పని తట్టదు, అదే ప్రమాదం.

లాంగ్ లాంగ్ తీసుకుని %ఎల్ఎల్‌డి తో ప్రింట్ చేస్తే 20 ఫ్యాక్టోరియల్ దాకా వస్తుంది. 21కి అదీ చాలదు. ఉత్త లాంగ్‌ని నమ్ముకోకండి. విండోస్‌లో దానికి 4 బైట్లే, 64 బిట్ లినక్స్‌లో 8.

టర్బో సి గురించి మా అభిప్రాయం దాచుకోం: నేర్చుకోవడానికి అది వద్దు. ల్యాబ్‌లో తప్పదు కాబట్టి అక్కడ వాడండి, ఇంట్లో జీసీసీ వాడండి. ఫైలు మార్చేటప్పుడు కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్, గెచ్ తీసేయండి. వాయిడ్ మెయిన్‌ని ఇంట్ మెయిన్ చేసి చివర్లో రిటర్న్ 0 పెట్టండి. జీసీసీలో కంపైల్ చేసేటప్పుడు -వాల్ అనే మాట చేర్చండి. అంటే హైఫన్, పెద్ద డబ్ల్యూ, చిన్న అక్షరాల్లో ఆల్. ఇఫ్‌లో == బదులు = పడినా, స్కాన్ఎఫ్‌లో & మర్చిపోయినా అది వార్నింగ్ ఇస్తుంది. టర్బోలో & మర్చిపోతే ప్రోగ్రాం నడిచినట్టే నడిచి ఏదో చెత్త విలువ చూపించొచ్చు. ఇరవై ఎర్రర్లు వచ్చినా కంగారొద్దు. మొదటిది ఒక్కటే సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి, తరచూ మిగతావి దాని పిల్లలే. లైన్ నంబర్ 9 అని చూపించి అక్కడ తప్పేమీ కనబడకపోతే పై లైను చివర సెమీకోలన్ ఉందో లేదో చూడండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొనే స్తోమత ఇప్పుడు లేదు. ఫోనే ఉంది. ల్యాబ్ వారానికి ఒక్కసారి. ఎలా నెట్టుకురావాలి?
— సివిల్, శ్రీకాకుళం

జవాబు: మొదటి ఏడాదికి ఫోను సరిపోతుంది. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే యాప్ ఉంది, ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి దించుకోండి. అందులో పీకేజీ ఇన్‌స్టాల్ క్లాంగ్ అని కొడితే సి కంపైలర్ వస్తుంది. ఆ తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది. నెట్ ఉంటే ఆన్‌లైన్‌జీడీబీ లాంటి సైట్లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే రన్ చేయొచ్చు. ఫోన్ కీబోర్డులో బ్రేసులు, సెమీకోలన్లు వెతకడమే విసుగు. ఓటీజీ కేబుల్ పెట్టి మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోండి.

అసలు సంగతేమిటంటే, మొదటి జవాబులో చెప్పిన పనిలో ముప్పావు వంతు కాగితం మీదే జరుగుతుంది. వారమంతా కాగితం మీద రాసి, ట్రేస్ చేసి, ఏ ఇన్‌పుట్‌కి ఏం రావాలో పక్కన రాసుకుని ల్యాబ్‌కి వెళ్లండి. ఆ మూడు గంటలూ టైప్ చేసి, మీరు ఊహించింది వచ్చిందా లేదా అని చూడటానికే వాడండి. ల్యాబ్‌లో కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టేవాళ్లకంటే మీరు ముందుంటారు.

ప్రశ్న: రికార్డంతా చాట్‌జీపీటీతో రాయించేస్తున్నారు మా క్లాసులో. నేనూ అదే చేస్తున్నా. నేర్చుకోవడానికి దాన్ని వాడొచ్చా, పూర్తిగా మానేయాలా?
— ఏఐఎంఎల్, విజయవాడ

జవాబు: మానమంటే ఎవరూ మానరు. ఏం అడుగుతున్నారన్నది చూసుకోండి. "ప్రైమ్ నంబర్‌కి ప్రోగ్రాం రాయి" అని అడిగితే మీ పని అది చేసింది, మీకు మిగిలింది కాపీ. మీరు రాసింది పెట్టి "కోడ్ ఇవ్వొద్దు, ఏ ఇన్‌పుట్‌కి ఇది తప్పు జవాబిస్తుందో ఒక్కటి చెప్పు" అని అడగండి. ఎర్రర్ మెసేజ్ పెట్టి దాని అర్థం తెలుగులో చెప్పమనండి, బాగానే చెబుతుంది. అది చెప్పిన అవుట్‌పుట్‌ని మాత్రం రన్ చేసి చూడకుండా నమ్మకండి.

రికార్డులో ఇప్పటికే ఎక్కించినవాటికి ఒక పరీక్ష ఉంది. ప్రోగ్రాం మూసేసి, మర్నాడు చూడకుండా రాయండి. ఇరవై నిమిషాలు ఇరుక్కుపోతే తెరిచి, ఇరుక్కున్న లైను ఒక్కటే చూసి మళ్లీ మూసేయండి.

ప్రశ్న: మా వాడు మెకానికల్ మొదటి సంవత్సరం. సి లో ఇంటర్నల్స్ బాగా తగ్గాయి. సెలవుల్లో అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సులో వేద్దామని మా ఆయన అంటున్నారు. మంచిదేనా అండీ?
— ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఆ కోర్సుల్లో మూడు నెలల్లో నాలుగైదు టెక్నాలజీలు చూపిస్తారు. లూపులు, ఫంక్షన్లు, అరేలు వచ్చేసినట్టే అనుకుని మొదలుపెడతారు. అవి రానివాడికి అక్కడా బట్టీయే దిక్కు. ఈ సెలవుల్లో రోజుకో ప్రోగ్రాం చొప్పున సి నే కుదురుగా చేయమనండి. మెకానికల్‌లో అతనికి ముందుముందు మ్యాట్‌ల్యాబో పైథానో తగులుతుంది, ఈ లూపులే అక్కడా అక్కరకొస్తాయి.

ప్రశ్న: స్వాప్ ఫంక్షన్ లోపల ప్రింట్ చేస్తే విలువలు మారుతున్నాయి. మెయిన్‌లోకి వచ్చాక ప్రింట్ చేస్తే పాతవే. పాయింటర్లు వాడమన్నారు. వాడినా మారడం లేదు.
— ఈసీఈ, కర్నూలు

జవాబు: మీరు స్వాప్(ఏ, బి) అని పిలిచినప్పుడు ఫంక్షన్‌కి అందేవి నకళ్లు. లోపల మీరు తారుమారు చేసింది నకళ్లని, అసలువి మెయిన్‌లో అలాగే ఉన్నాయి. బొమ్మ గీయండి. ఏ అనే పెట్టె 1000 అడ్రసులో, అందులో 10. బి అనే పెట్టె 1004లో, అందులో 20. స్వాప్(&ఏ, &బి) అని పిలిస్తే అడ్రసుల్ని దాచే ఇంకో రెండు పెట్టెలు (పాయింటర్లు), పి, క్యూ వస్తాయి. వాటిలో ఉండేవి 1000, 1004. ఫంక్షన్ లోపల *పి అంటే 1000లో ఉన్న పెట్టె, అంటే అసలు ఏ.

ఇంట్ టెంప్ = *పి;
*పి = *క్యూ;
*క్యూ = టెంప్;

వాడినా మారలేదంటే నక్షత్రాలు మర్చిపోయుంటారు. టెంప్‌ని కూడా పాయింటర్‌గా పెట్టి టెంప్ = పి; పి = క్యూ; క్యూ = టెంప్; అని రాస్తే కంపైలర్ ఏమీ అనదు. పి లో 1004, క్యూ లో 1000 వస్తాయి, అంతే. 1000లోని 10ని ఎవరూ ముట్టుకోలేదు. ఇంకొందరు టెంప్‌ని పాయింటర్‌గా పెట్టి *టెంప్ = *పి అని రాస్తారు. టెంప్‌కి ఏ అడ్రసూ ఇవ్వలేదు కాబట్టి ఎక్కడో రాయబోయి సెగ్మెంటేషన్ ఫాల్ట్ రావచ్చు. డిక్లరేషన్‌లో ఇంట్ *పి అన్నప్పటి నక్షత్రం "ఇది పాయింటర్" అని చెబుతుంది, తర్వాత లైన్లలోని నక్షత్రం "ఆ అడ్రసుకి వెళ్లు" అని చెబుతుంది. ఒకే గుర్తుకి రెండు పనులు పెట్టడం 1972లో బెల్ ల్యాబ్స్‌లో సి ని తయారుచేసిన డెన్నిస్ రిచీకి సబబుగానే తోచినా, మొదటి ఏడాది పిల్లల్ని మాత్రం ఇప్పటికీ తికమక పెడుతోంది.

అరేలకి ఈ బాధ లేదు. అరే పేరు పంపితే మొదటి గడి అడ్రసే వెళ్తుంది, అందుకే ఫంక్షన్‌లో చేసిన మార్పు మెయిన్‌లో కనిపిస్తుంది. కాకపోతే ఆ ఫంక్షన్ లోపల సైజ్‌ఆఫ్ వాడి ఎన్ని గడులో లెక్కపెట్టబోతే పాయింటర్ సైజు వస్తుంది. గడుల సంఖ్యని విడిగా పంపండి.

ప్రశ్న: వచ్చే నెల ఎక్స్‌టర్నల్ ల్యాబ్. వైవాలో ఏం అడుగుతారు?
— సీఎస్ఈ, కాకినాడ

జవాబు: వైల్‌కీ డూ-వైల్‌కీ తేడా, బ్రేక్-కంటిన్యూ, కాల్ బై వాల్యూ లాంటివి ఎలాగూ చదువుకుంటారు. చాలామంది ఎగ్జామినర్లు మీరు రాసిన ప్రోగ్రాంలోనే వేలు పెట్టి "ఇక్కడ < బదులు <= పెడితే?" అంటారు. అయిదు గడుల అరే మీద అలా పెడితే లూప్ లేని ఆరో గడిని తాకుతుంది. గడులు 0 నుంచి 4 దాకానే ఉంటాయి.

రికార్డులోని ప్రతి ప్రోగ్రాంకీ ఇబ్బందిపెట్టే ఇన్‌పుట్ ఒకటి ముందే వెతికి పెట్టుకోండి. ప్రైమ్‌కి 1: లూప్ 2 నుంచి ఎన్ కంటే తక్కువ దాకా తిరిగేట్టు రాస్తే 1కి ఒక్కసారీ తిరగదు, ప్రైమ్ అని ప్రింటవుతుంది. లీప్ ఇయర్‌కి 1900, 2000: మొదటిది కాదు, రెండోది అవును. మూడింటిలో పెద్దది ప్రోగ్రాంకి 9, 9, 4 ఇవ్వండి. ఏ > బి, ఏ > సి రెండూ నిజమైతే ఏ, లేదంటే బి > ఏ, బి > సి రెండూ నిజమైతే బి, ఏదీ కాకపోతే సి అని రాసుంటే జవాబు 4 వస్తుంది. > గుర్తుల్ని >= చేసి, మళ్లీ 9, 9, 4తోనే రన్ చేసి చూసుకుని వెళ్లండి.